పాలిష్ గదిలో గాలికి దారి

సంక్రాంతికి నెల రోజుల ముందు విజయనగరం, శ్రీకాకుళం వీధుల్లో నడిస్తే కొత్త సున్నం వాసనతో పాటు థిన్నర్ వాసన కూడా ముక్కుకు తగులుతుంది. తాతల నాటి టేకు తలుపులు, పడక్కుర్చీలు, పందిరి మంచాలు ఆ రోజుల్లోనే మళ్ళీ మెరుగు దిద్దుకుంటాయి. పనస చెక్కతో వీణలు చేసే బొబ్బిలి గొల్లపల్లి ఉన్న ప్రాంతంలో చెక్క పని గురించి కొత్తగా నేర్పవలసినది పెద్దగా లేదు. అయితే ఆ పని జరిగే గదిలో గాలి ఎటు నుంచి వచ్చి ఎటు పోవాలన్న సంగతిని పట్టించుకునేవారు తక్కువ. పట్టించుకున్నవారిలోనూ చాలామంది ఒక మామూలు ఎగ్జాస్ట్ ఫ్యాన్ బిగించి, ఇక భయం లేదనుకుంటారు. మంటకు నిప్పురవ్వను అందించే వస్తువు ఆ ఫ్యానే కావచ్చునన్నది నేను ఇక్కడ ముఖ్యంగా చెప్పదలచుకున్న మాట.

గది గురించి మాట్లాడే ముందు, అసలు గది అవసరమా అని అడగాలి. పెరడు, వీధి అరుగు, మేడ మీద నీడపట్టు వంటి చోటు ఉంటే పాలిష్ అక్కడే వేయడం అన్నిటికంటే మేలు. ఆరుబయట గాలి చేసే పనిని ఏ ఫ్యానూ చేయలేదు. దుమ్ము పడుతుందని చాలామంది వస్తువును గదిలోకి తెస్తారు. చుట్టూ నేల మీద నీళ్ళు చల్లి, ఉదయం గాలి నెమ్మదిగా ఉన్న వేళ పని మొదలుపెడితే ఆ ఇబ్బంది చాలావరకు తీరుతుంది. వానాకాలంలోనో, బిగించి ఉన్న తలుపులకు, అల్మరాలకు పాలిష్ వేయవలసి వచ్చినప్పుడో మాత్రమే గది తప్పదు. ఈ వ్యాసం అటువంటి సందర్భాల కోసమే.

గదిలో ఏ ద్రవాన్ని వాడుతున్నామో దానిని బట్టి ప్రమాదం మారుతుంది. ఒక ద్రవం పైనుండే ఆవిరి ఎంత ఉష్ణోగ్రత దగ్గర నిప్పు తగిలితే భగ్గుమంటుందో దానిని ఫ్లాష్ పాయింట్ అంటారు. లక్కను కరిగించే స్పిరిట్‌కు అది సుమారు 13 నుంచి 17 డిగ్రీల సెల్సియస్, థిన్నర్‌లో కలిసే ద్రవాలలో టోలుయిన్‌కు 4 డిగ్రీలు, అసిటోన్‌కు సున్నాకు ఇరవై డిగ్రీల దిగువ. అంటే మన జిల్లాల్లో పుష్యమాసపు తెల్లవారుజామున కూడా ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) లేకర్‌ను పలుచన చేసే థిన్నర్ డబ్బా మూత తీయగానే మంటకు సిద్ధంగా ఉన్న ఆవిరి బయటికి వస్తుంది. వార్నిష్‌లో కలిపే మినరల్ టర్పెంటైన్ కొంత నయం, దాని ఫ్లాష్ పాయింట్ 35 నుంచి 40 డిగ్రీల మధ్య ఉంటుంది. కాని మే నెల మధ్యాహ్నం రేకుల షెడ్డులో ఆ వేడి మామూలే కనుక, శీతాకాలంలో నిదానంగా ఉండే టర్పెంటైన్‌ను వేసవిలో థిన్నర్‌తో సమానంగా చూడాలి.

ఎంత ఆవిరి ఎంత గాలిని చెడగొడుతుందో ఒకసారి లెక్క వేసి చూస్తే మిగిలిన జాగ్రత్తలకు కారణం దానంతటదే తెలుస్తుంది. పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు, పది అడుగుల ఎత్తు ఉన్న గదిలో సుమారు 28 ఘనపు మీటర్ల గాలి ఉంటుంది. థిన్నర్‌ను టోలుయిన్‌గా లెక్కిస్తే, ఒక లీటరు పూర్తిగా ఆరిపోయేసరికి 30 డిగ్రీల వేడిలో దాదాపు 234 లీటర్ల ఆవిరి పుడుతుంది. గాలిలో టోలుయిన్ ఆవిరి 1.1 శాతానికి చేరితే చాలు, నిప్పు అంటుకుంటుంది. మూసిన గదిలో ఒక లీటరు ఆరితే గది అంతటా సగటున 0.8 శాతం దాటుతుంది, లీటరుంపావు దాటిందంటే గది మొత్తం మండే మిశ్రమంగా మారడానికి అడుగు దూరంలో ఉన్నట్టే. పైగా ఆవిరి గది అంతా సమానంగా పరుచుకోదు. టోలుయిన్ ఆవిరి గాలి కంటే మూడు రెట్లకు పైగా బరువు, స్పిరిట్ ఆవిరి ఒకటిన్నర రెట్లు బరువు. అందువల్ల అది నేల మీద పొరగా పేరుకుంటుంది. గదిలో కింది మూడో వంతులోనే నిలిచిపోతే అర లీటరుకే ఆ భాగం మండే స్థితికి వస్తుంది. ఒక మంచానికి రెండు పూతలు వేస్తే అర లీటరు థిన్నర్ గాలిలో కలవడం పెద్ద విషయం కాదని ఈ పని చేసినవారికి తెలుసు.

ఈ బరువే మన ఇళ్ళలోని పాత ఏర్పాట్లను తలకిందులు చేస్తుంది. పైకప్పు దగ్గర పెట్టే వెంటిలేటర్లు వేడి గాలిని పంపడానికి పెట్టినవి. అవి తెరిచి ఉన్నాయన్న ధీమాతో థిన్నర్ వాడితే, తల దగ్గర వాసన తక్కువగా, కాళ్ళ దగ్గర ప్రమాదం ఎక్కువగా ఉంటుంది. కిటికీ అడుగు కూడా నేలకు రెండున్నర, మూడు అడుగుల ఎత్తున ఉంటుంది. నేలను తాకేది గుమ్మం ఒక్కటే. అక్కడా పాత ఇళ్ళలో పసుపు రాసిన ఎత్తు గడప ఉంటే, బరువైన ఆవిరి దానికి ఆనుకుని గట్టు వెనుక నీళ్ళలా నిలుస్తుంది. కాబట్టి గడప లేని గుమ్మం ఉన్న గదిని ఎంచుకోవడం మంచిది. కొన్ని పాత మండువా ఇళ్ళలో నేల కడిగిన నీళ్ళు పోవడానికి గోడ అడుగున తూము ఉంటుంది. అది నేరుగా ఆరుబయటి పెరట్లోకి తెరుచుకునేదైతే, ఆవిరి పోవడానికి అంతకంటే తగిన చోటు వేరే వెతకనక్కరలేదు. మూసిన డ్రైనేజీలోకో, నూతి గట్టు పక్కకో తెరుచుకునేదైతే మాత్రం దానిని తడి గోనెసంచితో కుక్కి మూసేయాలి. గుంతల్లోకి, కాలువల్లోకి దిగిన ఆవిరి గంటల తరబడి అక్కడే ఉంటుంది.

వంటగదిని ఆనుకున్న గది, పూజ గదికి ఎదురుగా ఉన్న గది, మెట్ల కింద మూల, ఇన్వర్టర్ బ్యాటరీ ఉన్న గది ఈ పనికి పనికిరావు. ఆవిరి నేలబారుగా తలుపు సందుల్లోంచి పాకి వెళ్ళి, పక్క గదిలో పొయ్యి మంటనో, దీపాన్నో తాకితే, అంటుకున్న మంట అదే దారిలో వెనక్కి పరుగెత్తి డబ్బాను చేరుతుంది. మా ఇంట్లో ఒకసారి కుర్చీకి లక్క పాలిష్ వేస్తూ ఉండగా రెండు గదుల అవతల సాయంత్రం దీపారాధన మొదలైంది. అదృష్టవశాత్తు ఏమీ జరగలేదు కాని, ఆ రోజు నుంచి పాలిష్ పని ఉన్నదని ఇంటిల్లిపాదికీ ముందే చెప్పడం, దీపం వేళకు చాలా ముందే పని ముగించడం అలవాటు చేసుకున్నాను.

గాలి దారిని ఏర్పాటు చేసే పద్ధతి

స్వచ్ఛమైన గాలి ఒక వైపు పై నుంచి రావాలి, చెడిన గాలి ఎదురు వైపు కింది నుంచి పోవాలి, పాలిష్ వేసే వస్తువు ఈ రెండింటి మధ్య ఉండాలి. పని చేసే మనిషి వస్తువుకూ బయటికి పోయే దారికీ మధ్య ఎన్నడూ నిలబడకూడదు. గాలి వీపుకు సూటిగా తగిలేటట్టు నిలబడినా, ఎదర చిన్న సుడి ఏర్పడి ఆవిరి ముఖం మీదికే తిరుగుతుంది కనుక, గాలికి పక్కవాటుగా నిలబడడం ఉత్తమం.

ఎదురెదురు కిటికీ, గుమ్మం ఉన్న గదిలో సహజమైన గాలిని తక్కువగా అంచనా వేయకూడదు. మూడడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు కిటికీకి ఎదురుగా సెకనుకు ఒక మీటరు వేగంతో పిల్లగాలి వీచినా, ఎదుటి గుమ్మం తెరిచి ఉంటే గంటకు సుమారు రెండు వేల ఘనపు మీటర్ల గాలి గదిలోంచి సాగిపోతుంది. మన తీరంలో సముద్రం ఆగ్నేయ దిక్కున ఉంది కాబట్టి, వేసవి మధ్యాహ్నాలలో సముద్రపు గాలి అటు నుంచి వీస్తుంది. దక్షిణానికో తూర్పుకో కిటికీ, ఉత్తరానికో పడమరకో పెరటి గుమ్మం ఉన్న గదిలో అప్పుడు ఫ్యాన్ లేకుండానే పని జరుగుతుంది. శీతాకాలంలో గాలి దిక్కు మారుతుంది, కొన్ని రోజులు అసలు ఆకు కదలదు. పక్కింటి గోడ కిటికీకి నాలుగడుగుల దూరంలో ఉన్న పట్టణపు ఇళ్ళలో దిక్కుల లెక్క కుదరదు.

అందుకని ఊహించకుండా పరీక్షించి చూడాలి. గదిలోకి ఒక్క డబ్బా కూడా తేకముందే అగరువత్తి వెలిగించి, వస్తువు ఉండబోయే చోట మోకాలి ఎత్తున పట్టుకుని పొగ ఎటు పోతున్నదో చూడాలి. పొగ తడబడకుండా గుమ్మం వైపు సాగితే ఆ అమరిక సరైనది. అక్కడే సుడి తిరిగినా, ఇంటి లోపలి తలుపు వైపు మళ్ళినా ఏర్పాటు మార్చాలి. గది నాలుగు మూలలా నేల దగ్గర కూడా ఇలాగే చూడాలి. పరీక్ష అయ్యాక అగరువత్తిని నీళ్ళలో ముంచి ఆర్పి, అగ్గిపెట్టెతో సహా ఇంటి అవతలికి పంపించాలి. తర్వాత పని జరుగుతున్నంతసేపు గాలి దిక్కు తెలియడానికి గుమ్మానికి ఒక సన్నని నూలు గుడ్డ పేలికను వేలాడదీస్తే చాలు. అది బయటి వైపు ఊగుతున్నంతవరకు పని చేయవచ్చు.

గాలి చాలనప్పుడు ఫ్యాన్ కావాలి. ఎంత ఫ్యాన్ కావాలన్న ప్రశ్నకు పై లెక్కే ఆధారం. ఒక లీటరు థిన్నర్ ఆవిరిని అంటుకునే పరిమితిలో పదో వంతుకు దించాలంటే సుమారు 213 ఘనపు మీటర్ల తాజా గాలి కలవాలి. గాలి మూలమూలకూ సమానంగా చేరదు కాబట్టి దానిని నాలుగింతలు చేసి 850 అనుకోవాలి. గంటలో లీటరు వాడేవారికి గంటకు 850 ఘనపు మీటర్ల గాలి నిజంగా కదలాలన్నమాట. ఫ్యాన్ పెట్టె మీద రాసే సంఖ్య ఏ అడ్డూ లేనప్పటిది. జాలీ, దోమతెర, గొట్టం వంపులు అడ్డు వచ్చేసరికి అది బాగా తగ్గుతుంది. లోపలికి వచ్చే దారి మూసి ఉంటే ఎంత పెద్ద ఫ్యానైనా అక్కడి గాలినే చిలుకుతుంది. వచ్చే దారి ఎంత ఉందో, పోయే దారి కనీసం అంత, వీలైతే ఒకటిన్నర రెట్లు ఉండాలి.

ఆ ఫ్యాన్‌ను ఎక్కడ పెట్టాలన్నది అన్నిటికంటే ముఖ్యమైన సంగతి. ఇళ్ళలో వాడే మామూలు ఎగ్జాస్ట్ ఫ్యాన్ మోటారు గాలి దారిలోనే ఉంటుంది. ఆవిరితో నిండిన గాలి దాని మీదుగా పోతున్నప్పుడు, చుట్ట వేడెక్కినా, వైరు కీలు వదులైనా, వంగిన రెక్క చట్రానికి రాసుకున్నా నిప్పు పుట్టడానికి అదే చోటు అవుతుంది. ఆవిరిని లాగి బయటికి పంపవలసి వస్తే, మంట బయటికి పొక్కని కవచం ఉన్న ఫ్లేమ్‌ప్రూఫ్ మోటారు, రాసుకున్నా రవ్వలు రాని లోహపు రెక్కలు, సరైన ఎర్తింగ్ ఉన్న ఫ్యానే వాడాలి. మన దేశంలో ఇటువంటి పరికరాలకు ఐఎస్/ఐఈసీ 60079 ప్రమాణాలు వర్తిస్తాయి. పేలుడు, మండే పదార్థాల భద్రతను చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ పెసో ఆమోదం ఉన్నదో లేదో కొనేటప్పుడు అడగాలి. ఏడాదికి నాలుగు వస్తువులకు పాలిష్ వేసే ఇంటికి అంత ఖర్చు తగదు, దుకాణంలో అంతా ఒకటేనని అంటగట్టే సాధారణ ఫ్యాన్‌తో తృప్తి పడడం అంతకంటే తగదు.

ఇంటికి సరిపోయే మార్గం ఫ్యాన్‌ను తిప్పి పెట్టడం. కిటికీకి బయటి వైపు, పై భాగంలో, ఫ్యాన్‌ను లోపలికి గాలి కొట్టేటట్టు అమర్చి, కిటికీలో మిగిలిన ఖాళీని ప్లైవుడ్ ముక్కతోనో దళసరి అట్టతోనో పూర్తిగా మూయాలి. అప్పుడు మోటారు ఎల్లప్పుడూ స్వచ్ఛమైన గాలిలోనే తిరుగుతుంది, ఆవిరి దానిని చేరదు. గదిలో గాలి ఒత్తిడి పెరిగి, ఆవిరి పెరటి గుమ్మం గుండా బయటికి పోతుంది. వీస్తున్న గాలి తడి పూత మీద సూటిగా పడకుండా ఫ్యాన్‌కు ఆరేడు అడుగుల దూరంలో వస్తువును ఉంచి, ఫ్యాన్ వెనుక పలుచని నూలు గుడ్డ కడితే దుమ్ము కూడా తగ్గుతుంది. ఈ పద్ధతిలో ఒక చిక్కు ఉన్నది. లోపల పెరిగిన ఒత్తిడి ఇంటి లోపలి గదుల్లోకి కూడా ఆవిరిని తోస్తుంది. అందువల్ల లోపలి తలుపును మూసి, అంచుల వెంట టేపు అంటించి, కింది సందుకు తడిపిన గోనెసంచిని చుట్టి పెట్టాలి. పెరటి గుమ్మం ఎదుట పక్కింటి వంటగది కిటికీయో, బయట పెట్టిన గ్యాస్ సిలిండరో, నీళ్ళు కాచే పొయ్యో లేదని కూడా చూసుకోవాలి.

కరెంటు కోత సంగతి మరువకూడదు. ఫ్యాన్ ఆగిన మరుక్షణం ఆవిరి వెనక్కి తిరిగి, లోపలికి వచ్చే దారిలో ఉన్న ఫ్యాన్ దాకా చేరుతుంది. స్విచ్చి అలాగే వదిలేస్తే కరెంటు వచ్చినప్పుడు ఆ ఆవిరిలోనే మోటారు తిరగడం మొదలవుతుంది. కాబట్టి కరెంటు పోగానే డబ్బాల మూతలు బిగించి, గదికి బయట ఉన్న స్విచ్చిని ఆపి, అన్ని తలుపులు బార్లా తెరిచి బయటికి వచ్చేయాలి. మళ్ళీ ఫ్యాన్ వేసేది గదిలో వాసన పూర్తిగా పోయిన తర్వాతే.

పని జరిగే రోజు

ముందు ఉప్పుకాగితంతో రుద్దే పని అంతా వేరే రోజు ముగించి, చెక్క పొడిని తడి గుడ్డతో తుడిచేయాలి. రుద్దే యంత్రాలు, డ్రిల్లింగు యంత్రాల మోటారులలో కార్బన్ బ్రష్‌లు తిరుగుతున్నంతసేపూ రవ్వలు విడుస్తాయి, ఆవిరి ఉన్న గదిలో వాటికి చోటు లేదు. పాలిష్ రోజున గదికి వెళ్ళే కరెంటును మెయిన్ దగ్గరే ఆపేయాలి. సీలింగు ఫ్యాన్, దాని రెగ్యులేటరు, గోడ స్విచ్చులు, ఛార్జర్లు, దోమల బ్యాటు ఇవన్నీ రవ్వలు పుట్టించగలవు. కరెంటు ఆపడం కూడా డబ్బా మూత తీయకముందే జరగాలి, ఆవిరి నిండిన తర్వాత స్విచ్చి నొక్కడమే ప్రమాదం. బయటి ఫ్యాన్‌కు వేరే వైరు ద్వారా, గదికి దూరంగా ఉన్న ప్లగ్గు నుంచి కరెంటు ఇవ్వాలి. పగటి వెలుతురులోనే పని చేయాలి. సెల్‌ఫోన్ గది బయటే ఉండాలి. నైలాన్, పాలిస్టర్ బట్టలు పొడి గాలిలో రాసుకుంటే స్థిర విద్యుత్తు పుడుతుంది, నూలు బట్టలు కట్టుకోవాలి. పెద్ద ఇనుప డబ్బా నుంచి చిన్న డబ్బాలోకి థిన్నర్ వంచేటప్పుడు రెండింటినీ ఒకదానికొకటి ఆనించి, నెమ్మదిగా, వీలైతే ఆరుబయట వంచాలి. గదిలోకి తెచ్చేది ఆ పూటకు కావలసినంత మాత్రమే.

మూత తీయడానికి పది నిమిషాల ముందే ఫ్యాన్ తిరగడం మొదలుకావాలి. గాలి పూర్తిగా కలిసే గదిలో ఒకసారి మొత్తం గాలి మారితే ఆవిరి మూడో వంతుకు పైగా మిగులుతుంది, మూడు సార్లు మారితే అయిదు శాతం, అయిదు సార్లు మారితే ఒక శాతం కంటే తక్కువ. పని ముగిసిందని ఫ్యాన్ ఆపేవారు మరిచేది ఏమిటంటే, డబ్బా మూసినా చెక్క మీది పూత ఇంకా ఆవిరి వదులుతూనే ఉంటుంది. వాసన పోయే వరకు, తక్కువలో తక్కువ రెండు గంటలు, గాలి ఆడనివ్వాలి.

మన తీర ప్రాంతంలో కిటికీలు మూయాలన్న ఆశ కలిగించేది తేమ. తేమ ఎక్కువగా ఉన్న రోజున ఎన్‌సీ లేకర్ వేస్తే, థిన్నర్ త్వరగా ఆరుతూ చెక్కను చల్లబరుస్తుంది. గాలిలోని నీరు పూత మీద పట్టి తెల్లని మచ్చలా కనబడుతుంది. చాలామంది అప్పుడు తలుపులు మూసి వేస్తారు. తేమకు మందు తలుపులు మూయడం కాదు, వేళ మార్చడం. పొగమంచు విడిచిన తర్వాత పది గంటల నుంచి మధ్యాహ్నం మూడు వరకు పని చేయడం, నెమ్మదిగా ఆరే రిటార్డర్ థిన్నర్ కొద్దిగా కలపడం వంటివి చేయవచ్చు. వాయుగుండం పట్టిన రోజుల్లో పని వాయిదా వేసుకోవడమే సబబు.

స్ప్రే గన్ గురించి నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఇంటి గదిలో స్ప్రే చేయకూడదు. కార్ఖానాలలోని స్ప్రే బూత్‌లో గాలి సెకనుకు సుమారు అర మీటరు వేగంతో మొత్తం అడ్డకోతలో కదలాలని నియమం. పది అడుగుల వెడల్పు, ఏడడుగుల ఎత్తు గల గదిలో అంత వేగం రావాలంటే గంటకు పదకొండు వేల ఘనపు మీటర్లకు పైగా గాలి కదలాలి. అది ఇంటి ఫ్యాన్‌కు అందని సంగతి. బ్రష్‌తోనో, గుడ్డ ఉండతోనో వేసే లక్క పాలిష్ గదికి తగిన పని. స్పిరిట్ ఆవిరి గాలిలో 3.3 శాతానికి చేరితేనే అంటుకుంటుంది కాబట్టి, లీటరుకు లీటరు పోలిస్తే అది థిన్నర్ కంటే కొంత తక్కువ గాలి కోరుతుంది. దాని మంట పగటి వెలుతురులో దాదాపు కనబడదు, వేడి తగిలేదాకా తెలియదు కనుక, ఆ కొంత మేలును చూసుకుని ఏమరుపాటుగా ఉండకూడదు.

మంట రాకుండా ఆపడానికి సరిపోయే గాలి ఊపిరికి చాలదు. అంటుకునే పరిమితిలో పదో వంతు అంటే టోలుయిన్ విషయంలో పది లక్షల భాగాలలో 1,100 భాగాలు. పనిచోట ఆరోగ్య భద్రతను పరిశోధించే అమెరికా ప్రభుత్వ సంస్థ నియోష్ పనిదినానికి సూచించే సగటు 100 భాగాలు మాత్రమే, 500 భాగాల దగ్గరనే ప్రాణాపాయమని హెచ్చరిస్తుంది. అందువల్ల గాలి ఎంత ఆడుతున్నా ఇటువంటి ఆవిరిని పట్టి ఉంచే ఆర్గానిక్ వేపర్ కాట్రిడ్జ్ ఉన్న మాస్కు పెట్టుకోవాలి. దుమ్ము కోసం వాడే ఎన్95 మాస్కు ఆవిరిని ఏమాత్రం ఆపదు. గడ్డం ఉంటే మాస్కు అంచు ముఖానికి సరిగా కూర్చోదు. వాసనకు ముక్కు త్వరగా అలవాటు పడుతుంది కాబట్టి, వాసన తగ్గినట్టు అనిపించడం గది శుభ్రపడిందనడానికి గుర్తు కాదు. తల బరువెక్కినా, కళ్ళు తిరిగినా వెంటనే బయటికి రావాలి. గర్భిణులను, పసిపిల్లలను ఆ రోజు ఆ ఇంట్లో ఉంచకపోవడం మంచిది. రెండు డబ్బాలు కలిపి వాడే పీయూ (పాలీయూరిథేన్) పాలిష్‌ను గట్టిపరచే హార్డెనర్‌లో ఐసోసైనేట్లు అనే రసాయనాలు ఉంటాయి. అవి ఉబ్బసాన్ని తెచ్చిపెట్టగలవు, వాటి వాసన ముందుగా తెలియదు. పీయూ పనిని సరైన బూత్ ఉన్న కార్ఖానాకే అప్పగించాలి.

గది గుమ్మం బయట, మంటను దాటకుండా అందేచోట, ఏబీసీ పొడి నింపిన అగ్నిమాపక సిలిండర్ ఒకటి, ఇసుక బకెట్టు ఒకటి ఉంచాలి. మండుతున్న థిన్నర్ మీద నీళ్ళు పోస్తే అది నీటి మీద తేలి మరింత పరుచుకుంటుంది. చిన్న డబ్బాలో మంట అయితే మూత కప్పితే సరిపోతుంది. మంట నడుము ఎత్తు దాటితే ఆర్పే ప్రయత్నం మాని, తలుపు మూసి, అందరినీ బయటికి పంపి 101కి ఫోన్ చేయాలి.

పని అయ్యాక మిగిలేవి గుడ్డలు. అవిసె నూనె, నూనె కలిసిన వార్నిష్ పీల్చిన గుడ్డలు ఆరుతూ తమంత తామే వేడెక్కుతాయి. ఉండచుట్టి మూలన పారేస్తే, ఎవరూ నిప్పు పెట్టకుండానే కొన్ని గంటలకు అంటుకోగలవు. వాటిని ఒక్కొక్కటిగా పరిచి పెరట్లో తీగ మీద ఆరవేయాలి, లేదా మూత ఉన్న ఇనుప డబ్బాలో నీళ్ళు పోసి ముంచి పెట్టాలి. ఎన్‌సీ లేకర్ ఆరి రాలిన పొడి కూడా నిప్పు తగిలితే క్షణంలో మండుతుంది. దానిని తడిపి, చెక్క పలకతో గీకి తీయాలి, ఇనుప గరిటెతో గీకకూడదు, నూనె గుడ్డలతో కలిపి ఒకే డబ్బాలో వేయకూడదు. మిగిలిన థిన్నర్‌ను సింకులోకో వీధి కాలువలోకో పోయకుండా మూత బిగించి నీడలో దాచుకోవాలి. అడుగున మడ్డి దిగిన తర్వాత పైన తేరిన దానిని తర్వాతి సారి బ్రష్‌లు కడగడానికి వాడుకోవచ్చు. పాలిష్ వేసిన మంచాన్ని ఆ రాత్రికే పడకగదిలోకి తేకుండా, మరో మూడు నాలుగు రోజులు గాలి తగిలే వసారాలో ఉంచి, దగ్గరగా ముక్కు పెట్టి చూసినా వాసన రాని రోజున పరుపు వేసుకోవాలి.